నాలుగు గేర్ల ఆటోమేటిక్‌లో అయిదో గేర్ ఎక్కడిది?

కావలి_కుర్రోడు: సెకండ్‌హ్యాండ్ ఆటోమేటిక్ కొన్నాను. నాలుగు గేర్లే. అంటే పై గేరుకు మారినప్పుడల్లా ఒకటి చొప్పున ఆర్‌పీఎం (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) మూడుసార్లు పడాలి. హైవే మీద 65 కి.మీ. వేగం దగ్గర ఇంకోసారి, ఒక 250 దాకా పడుతోంది. గేర్‌బాక్స్ పోతోందా?

సింగరాయకొండ_స్టీరింగ్: లేని గేర్ పడటమేంది? లోపల ప్లేట్లు జారుతున్నాయి. అమ్మేసెయ్ తమ్ముడూ.

ఒంగోలు_గిత్త: జారితే ఆర్‌పీఎం లేస్తుంది అన్నా, పడదు. అది టార్క్ కన్వర్టర్ లాకప్. కన్వర్టర్ అంటే ఇంజిన్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్య ఉండే ఆయిల్ డబ్బా. మామూలుగా ఇంజిన్ వైపు రెక్కలు ఆయిల్‌ను విసిరితే, ఆ ఆయిల్ గేర్‌బాక్స్ వైపు రెక్కలను తిప్పుతుంది. మధ్యలో ఉన్నది ఆయిలే కాబట్టి రెండో వైపు ఎప్పుడూ కొంచెం వెనకబడుతుంది. ఆ తేడా వేడిగా, పెట్రోలు ఖర్చుగా పోతుంది. నిలకడగా పోయేటప్పుడు లోపలి క్లచ్ రెండు వైపులనూ కలిపేస్తుంది, ఆర్‌పీఎం ఆ మేరకు దిగుతుంది. 1949లోనే ప్యాకార్డ్ కార్లలో ఉందిది.

చీరాల_బీచ్: నాది ఏఎంటీ, మాన్యువల్ గేర్‌బాక్స్‌నే ఆటోమేటిక్ చేసింది. నాకు రావట్లేదే?

ఒంగోలు_గిత్త: ఏఎంటీలో కన్వర్టరే ఉండదండీ. మామూలు క్లచ్‌నే మోటారు తొక్కుతుంది.

సింగరాయకొండ_స్టీరింగ్: కలిపేస్తే బ్రేక్ కొట్టినప్పుడు ఇంజిన్ ఆగిపోవాలిగా?

ఒంగోలు_గిత్త: అందుకే బ్రేక్ తాకగానే లాక్ వదిలేస్తుంది. కుర్రోడా, వెనక బండ్లు లేనప్పుడు యాక్సిలరేటర్ కదపకుండా ఎడమ కాలితో బ్రేక్ లైటు వెలిగేంత తాకు. ఆర్‌పీఎం ఆ 250 లేచి, కాలు తీశాక మళ్లీ దిగితే లాకప్పే. మూడో గేరుకు దిగితే ఇంకా చాలా లేస్తుంది.

సింగరాయకొండ_స్టీరింగ్: ఎడమ కాలితో బ్రేకా! హైవే మీద! ఇదీ మీ చదువు!

ఒంగోలు_గిత్త: పరీక్ష కోసం ఒక్కసారి అన్నా.

సింగరాయకొండ_స్టీరింగ్: ఒక్కసారికే పోతారు. ఎడమ కాలు క్లచ్‌కి అలవాటు, గట్టిగా తొక్కుతుంది.

ఒంగోలు_గిత్త: విషయం లాకప్, కాలు కాదు! ఆటోమేటిక్ తోలకుండానే సలహాలా?

సింగరాయకొండ_స్టీరింగ్: తోలనిస్తేగా అబ్బయ్యా! మా ఓనర్ ఆటోమేటిక్ కొన్న వారానికే "ఇది మా ఆవిడే తోలుకుంటుంది, నువ్వు వేరే చోట చూసుకో" అన్నాడు. ఘాట్‌లో ఏ మలుపుకు ఏ గేరో తెలిసినోణ్ణి. ఇప్పుడు పెళ్లిళ్ల సీజన్‌లోనే పిలుపు. నువ్వేమో దాని గొప్పలు చెప్తున్నావు.

చీరాల_బీచ్: అదా సంగతి.

కావలి_కుర్రోడు: చూశాను. తాకితే లేచింది, వదిలితే దిగింది. పొద్దున బండి చల్లగా ఉన్నప్పుడు మాత్రం చాలాసేపు పడట్లేదు.

ఒంగోలు_గిత్త: ఆయిల్ వేడెక్కేదాకా లాక్ కాదు, అది మామూలే. లాక్ పడేటప్పుడు గరుకు రోడ్డు మీద పోయినట్టు వణికితే చెప్పు. చాలాసార్లు పాత ఆయిలో, వేరే రకం ఆయిలో కారణం. మాన్యువల్‌లో రాసిన రకమే పొయ్యాలి.

సింగరాయకొండ_స్టీరింగ్: తమ్ముడూ, శ్రీశైలం పోతే దోర్నాల ఘాట్ దిగేటప్పుడు గేర్ లివర్ డీ (డ్రైవ్)లో వదిలేసి బ్రేకుల మీద రాకు. 2లో పెట్టుకో. గేరు నీ చేతిలో ఉండాలి.

ఒంగోలు_గిత్త: అది నిజం. ప్లేట్లు జారుతున్నాయన్నది మాత్రం తప్పే.