పరీక్ష ముందు రాత్రి నైటౌట్ కొట్టాలా, పుస్తకం మూసి పడుకోవాలా?

నీలిసిరా:
ఫైనల్స్ దగ్గరపడ్డాయి కాబట్టి ఈ మాట ఇప్పుడే తేల్చుకుందాం. పరీక్ష ముందు రాత్రి నైటౌట్ కొట్టడం తప్పని నా వాదన. కొట్టేవాళ్ళని తప్పుపట్టడానికి కాదు, నేనూ కొట్టి నష్టపోయాను కాబట్టి చెబుతున్నాను.

పోయిన సెమిస్టర్‌లో స్టాటిస్టిక్స్ పేపర్. ముందు రోజు రాత్రంతా కూర్చున్నాను. మూడు దాటాక ఒకే వాక్యాన్ని నాలుగుసార్లు చదివాను, చివరి పదానికి వచ్చేసరికి మొదటిది పోయేది. అయినా పుస్తకం మూయడానికి భయం. ఉదయం హాల్లో పన్నెండు మార్కుల లెక్క వచ్చింది: పది బల్బుల్లో కనీసం రెండు పాడైనవి ఉండే సంభావ్యత ఎంత? నేను సరిగ్గా రెండింటికి కట్టి, జవాబు కింద రెండు గీతలు కొట్టి, తృప్తిగా పేజీ తిప్పేశాను. ‘కనీసం’ అన్న మాట కంటికి కనిపించింది, బుర్రకెక్కలేదు. అదే లెక్క వారం క్రితం నా రూమ్మేట్‌కి నేనే చెప్పాను.

తర్వాత ఎందుకిలా అయిందని వెతికితే, డాసన్, రీడ్ 1997లో ప్రచురించిన ప్రయోగం కనిపించింది. వరసగా 17 గంటలు మేలుకున్నవాళ్ళకి కన్నూ చెయ్యీ కలిసి చేయాల్సిన పని ఇస్తే, రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్నవాళ్ళలాగే తడబడ్డారట. 24 గంటలయ్యేసరికి అది సుమారు 0.10 శాతంతో సమానమైంది. ఉదయం ఆరింటికి లేచినవాళ్ళకి రాత్రి పదకొండుకే ఆ 17 గంటలు నిండిపోతాయి. ఆ పైన తెల్లవార్లూ కూర్చుని, అదే బుర్రతో మనం ప్రశ్నపత్రం అందుకుంటున్నాం.

తెల్లకాగితం:
నీలిసిరా గారూ, మీ బాధ అర్థమైంది. కానీ ఈ సలహా సిలబస్ పూర్తయినవాళ్ళకే పనికొస్తుంది. నేను పగలు పని చేసుకుంటూ చదువుతున్నాను. పోయిన ఏడాది ఒక పేపర్‌కి ముందు రోజు దాకా ఐదు యూనిట్లలో రెండు ముట్టుకోనే లేదు. అలాంటివాణ్ణి పడుకోమంటే నిద్ర ఎక్కడినుంచి వస్తుంది? పడుకుని చూశాను కూడా. గుండె చప్పుడు దిండులోంచి వినిపించింది. పక్కకి తిరిగితే ఇంకా గట్టిగా. ఒంటిగంటకి లేచి లైటేసి నాలుగో యూనిట్ ఒక్కటే ముందేసుకున్నాను. మూడున్నరకి అది చేతికొచ్చింది. అప్పుడు పడుకుంటే నిమిషాల్లో నిద్ర పట్టింది. పొద్దున్న ఆ యూనిట్‌లోంచే ఒక పెద్ద ప్రశ్న వచ్చింది, పాసయ్యాను.

ఇల్లు కాలుతుంటే బావి తవ్వడం అంటారు దీన్ని, కాదనను. కానీ ముట్టుకోని యూనిట్ నిద్రలో దానంతటది బుర్రలోకి రాదు కదా. నా టెన్షన్‌ తగ్గింది ఆ రెండున్నర గంటల చదువుతోనే.

పక్కగది:
నేను సైకాలజీ స్టూడెంట్‌ని. తెల్లకాగితం అన్నా, మీరు చేసింది నైటౌట్ కాదు. మూడున్నరకి పడుకున్నారు. కొత్తగా చదివింది పొద్దుటిదాకా నిలవడానికి ఆ కాస్త నిద్రే సాయం చేసి ఉంటుంది. ఇది కొత్తగా కనిపెట్టిందేమీ కాదు. 1924లో జెంకిన్స్, డాలన్‌బాక్ ఇద్దరు విద్యార్థుల చేత అర్థంలేని అక్షరాల జాబితాలు బట్టీ పట్టించి, గంట, రెండు, నాలుగు, ఎనిమిది గంటల తర్వాత అప్పజెప్పించుకున్నారు. మధ్యలో నిద్రపోయినప్పుడు గుర్తున్నవి, మేలుకుని ఉన్నప్పటికన్నా బాగా ఎక్కువ. ఇద్దరితో చేసిన ప్రయోగం మీదే అంతా నిలబెట్టలేం. కానీ తర్వాత వచ్చిన పరిశోధనలు కూడా చాలావరకు అదే దారి పట్టాయి.

నాకు అసలు కోపం కాఫీ మీద. ఒంట్లో చేరిన కెఫీన్ సగానికి తగ్గడానికి చాలామందిలో ఐదు గంటల దాకా పడుతుంది. అంటే రాత్రి పదింటికి తాగినదాంట్లో సగం మూడింటికి ఇంకా ఒంట్లోనే ఉంటుంది. 2013లో వచ్చిన ఒక అధ్యయనంలో, పడుకోవడానికి ఆరు గంటల ముందు 400 మిల్లీగ్రాముల కెఫీన్ ఇస్తేనే నిద్ర గంటకు పైగా తగ్గిపోయింది. మేలుకోవడానికి మనమే తాగుతాం, తర్వాత టెన్షన్‌తో నిద్ర పట్టట్లేదని బాధపడతాం. ఆ గుండెదడలో కొంత కప్పులోంచి వచ్చిందే.

తెల్లకాగితం:
కాఫీ మాట ఒప్పుకుంటాను. ఆ రాత్రి నేను మూడు కప్పులు తాగాను, ఇప్పుడు తలుచుకుంటే తెలుస్తోంది. కానీ టెన్షన్‌నే శత్రువులా చూడటం నాకు నచ్చట్లేదు. భయం వేయకపోతే ఒంటిగంటకి నేను లేచేవాణ్ణే కాదు. యెర్క్స్, డాడ్సన్ 1908లోనే చెప్పారు కదా, ఒత్తిడి మరీ తక్కువైనా పని సాగదు, మరీ ఎక్కువైనా సాగదని.

పక్కగది:
అన్నా, అది చిట్టెలుకల మీద చేసిన ప్రయోగం. తెల్లపెట్టె ఏదో నల్లపెట్టె ఏదో పోల్చుకోవాలి, తప్పు చేస్తే కరెంటు షాకు. పోల్చుకోవడం తేలికగా ఉన్నప్పుడు షాకు పెంచేకొద్దీ త్వరగా నేర్చుకున్నాయి. కష్టంగా ఉన్నప్పుడు మాత్రం గట్టి షాకు నేర్చుకోవడానికే అడ్డొచ్చింది. ఈ రెండో సగం ఎవరూ చెప్పరు. ఎలుకల నుంచి మన దాకా రావడానికి చాలా దూరం ఉంది, అయినా నాకు ఇది నిజమే అనిపిస్తుంది. పుస్తకం తీయించే భయం వేరు, హాల్లో చెయ్యి వణికించే భయం వేరు.

గడియారం:
మీరంతా రాత్రి గంటల దగ్గరే ఆగిపోయారు. నేను ఎనిమిది గంటలు నిద్రపోయి వెళ్ళి కూడా బ్లాంక్ అయిపోయాను.

రెండో ఏడాదిలో ఒక లెక్చరర్ క్లాసులో అందరి ముందూ ‘ఈ పేపర్ నీవల్ల కాదు’ అన్నారు. ప్రశ్నపత్రం చేతికి రాగానే నాకు మొదట వినిపించేది ఆ మాటే. ప్రశ్న చదవాల్సిన బుర్ర ఆ మాటకి జవాబు వెతుక్కుంటూ ఉండేది. లీబర్ట్, మోరిస్ 1967లో పరీక్ష భయాన్ని రెండుగా విడదీశారు. ఒకటి చెమటలు, గుండెదడ లాంటి ఒంటి అలజడి. రెండోది మనసులో తిరిగే దిగులు: ఫెయిలైతే ఏమిటి, ఇంట్లో ఏం చెప్పాలి. మార్కులకి ఎక్కువ దెబ్బ కొట్టేది ఈ రెండోదే. నా విషయంలో అక్షరాలా అంతే జరిగింది.

నాకు పనిచేసినది చెబుతాను. రామిరెజ్, బైలాక్ 2011లో సైన్స్ పత్రికలో ప్రచురించిన పద్ధతి ఇది. పరీక్షకి ముందు పది నిమిషాలు మనసులోని భయాలన్నీ కాగితం మీద పెట్టిన విద్యార్థులు, అందులోనూ బాగా భయపడే రకం వాళ్ళు, మెరుగ్గా రాశారు. నేను హాలు బయట మెట్ల మీద కూర్చుని రాశాను. పెన్ను ఎంత గట్టిగా నొక్కానంటే వెనక పేజీ మీద వేలు పెడితే అక్షరాలు తగిలాయి. ఆ లెక్చరర్ అన్న మాట కూడా రాశాను. రాశాక చూస్తే అది ఒక్క వరుసే. ఆ రోజు మొదటి ప్రశ్న చదవగానే అర్థమైంది. అందరికీ ఇలాగే అవుతుందని హామీ ఇవ్వలేను, కానీ ఒక కాగితం, పది నిమిషాలు పెట్టి చూడొచ్చు.

కిటికీపక్క:
మధ్యలో వస్తున్నందుకు క్షమించండి. నాలుగు రోజుల నుంచి సరిగా నిద్ర లేదు. తిన్నది కడుపులో ఉండట్లేదు. పుస్తకం తెరిస్తే ఏడుపొస్తోంది. మా గదిలో అందరూ చదివేసుకుంటున్నారు, నాకొక్కదానికే ఇలా. పడుకోవాలా, చదవాలా అన్నది కూడా నాకు తోచట్లేదు.

గడియారం:
చెల్లీ, నీ ఒక్కదానికే కాదు. 1998లో పదకొండు మంది దంతవైద్య విద్యార్థుల అంగిట్లో చిన్న గాయం చేసి చూశారు. సెలవుల్లో మానినదానికన్నా పరీక్షల రోజుల్లో మానడానికి సగటున మూడు రోజులు ఎక్కువ పట్టింది. ఒత్తిడి ఒంటికి అంత పని చేస్తుంది. నీకు జరుగుతున్నది బద్ధకమూ కాదు, చేతకానితనమూ కాదు.

కానీ నాలుగు రోజులు నిద్రా తిండీ లేకపోతే ఇది ఇక చదువు సంగతి కాదు. ఈ పూటే ఇంట్లో నీకు దగ్గరైనవాళ్ళకి ఫోన్ చెయ్యి. రేపు డాక్టర్‌నో కాలేజీ కౌన్సెలర్‌నో కలువు. ఈ పరీక్ష తర్వాత రాసుకునే వీలుందేమో కూడా అడుగు, అడగడంలో తప్పు లేదు. బతకాలని లేదన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా ఒంటరిగా ఉండకు, వెంటనే పక్కవాళ్ళని లేపి ఆసుపత్రికి వెళ్ళు. ఏ అర్ధరాత్రైనా సరే.

కిటికీపక్క:
అలాంటి ఆలోచన రాలేదక్కా. మా పిన్నికి ఇప్పుడే ఫోన్ చేశాను. పొద్దున్నే వస్తానంది, డాక్టర్ దగ్గరికి తనే తీసుకెళ్తానంది.

నీలిసిరా:
మంచి పని చేశావమ్మా. రేపు వీలైతే ఎలా ఉందో ఇక్కడ ఒక ముక్క రాయి.

తెల్లకాగితం గారూ, మీ మాటతో నా వాదన కాస్త మార్చుకుంటున్నాను. అసలు ముట్టుకోని యూనిట్ ఉంటే రెండు గంటలు కూర్చోండి. కానీ ఆ రెండు గంటలూ చదివిందే చదవకండి. ఒకసారి చదివి, పుస్తకం మూసి, గుర్తున్నది రాయండి. రోడిగర్, కార్పికి 2006లో ఇదే పరీక్షించారు. ఐదు నిమిషాలకి అడిగితే మళ్ళీ మళ్ళీ చదివినవాళ్ళే ముందున్నారు. వారం తర్వాత అడిగితే చూడకుండా రాసి చూసుకున్నవాళ్ళు ముందుకొచ్చారు. నేను నైటౌట్‌లో మోసపోయింది ఇక్కడే. పేజీ కళ్ళముందు ఉన్నంతసేపూ వచ్చేసినట్టే అనిపించింది. కాబట్టి నా హద్దు ఇదీ: రెండు గంటలు, రాత్రి పదకొండుకి లైటు ఆర్పేయాలి.

తెల్లకాగితం:
రాసి చూసుకోవడం రేపటి నుంచే మొదలుపెడతాను. కాఫీ సాయంత్రం నాలుగుతో సరి. కానీ పదకొండు గంటల హద్దు మాత్రం ఒప్పుకోను. నేను పని నుంచి గదికి చేరేదే పదింటికి.