ఎడిటర్ గారు మొదటి 58 పేజీలు తీసేయమంటున్నారు, ఏటి చేయమంటారు?

నౌపడా ప్యాసింజర్:
అందరికీ నమస్కారం. మాది ఒడిశాలో పర్లాకిమిడి, మెడికల్ షాపు. ఆరేళ్ళుగా రాత్రి షట్టర్ దించాక కౌంటర్ మీదే కూర్చుని ఒక నవల రాశాను. మా తాతయ్య నౌపడా - గుణుపురం చిన్నబండికి (చిన్న గేజి రైలుకి) గార్డు, ఆ లైను చుట్టూనే కథ. 94 వేల మాటలు, 41 చాప్టర్లు. ప్రెస్సుకి ఇచ్చేముందు డెవలప్‌మెంటల్ ఎడిటర్‌కి (కథ కట్టుబడి చూసేవాళ్ళట, అప్పుడు నాకు తెలీదు) చూపించరా అని ఫ్రెండ్ ఒకడు పోరితే హైదరాబాద్‌లో ఒకావిడకి పంపాను. 28 వేలు, సగం ముందు, సగం పనయ్యాక.

నేననుకున్నది ఒత్తులూ దీర్ఘాలూ దిద్ది, అక్కడక్కడా వాక్యం సవరించి పంపుతారని. ఏడు వారాలకి ఫైల్ వచ్చింది, తెరిచి చూస్తే ఒత్తు ఒక్కటి ముట్టుకోలేదు! 11 పేజీల ఉత్తరం, మార్జిన్‌లో మూడొందల చిల్లర కామెంట్లు, అన్నీ ప్రశ్నలే.

ఆవిడ మాట ఏటంటే, కథ 59వ పేజీలో మొదలవుతోందట. 1900లో లైను పడటం, రాజావారి ముచ్చట, రెండున్నర అడుగుల గేజి ఎందుకు వేశారు, ఇంజన్లు, స్టేషన్లు, ఇదంతా తీసేయండి లేదా ఎనిమిది పేజీలకి తెండి అన్నారు. నాలుగేళ్ళు ఊరూరా తిరిగి పోగేసుకున్న సమాచారం అండీ అది! రెండోది, ఇది గార్డు తాత కథా, 2004లో చిన్నబండి ఆగిపోతోందని తెలిసి ఎక్కిన మనవరాలి కథా తేల్చుకోమన్నారు. మూడోది మా మాట. మా ఇళ్ళల్లో ఒడియా కలిపి 'కుఆడే జాఉఛొ బావా, పొఖాళొ తినేసి పో' (ఎక్కడికి పోతున్నావు బావా, నీళ్ళన్నం తినేసి పో) అనే మాట్లాడుకుంటాం, నవల్లోనూ అలాగే రాశాను. పక్కన 'గుంటూరు పాఠకుడికి అందుతుందా?' అని కామెంటు.

రెండు రోజులు షాపులో మందులు కూడా తప్పు ఇవ్వబోయాను, అంత మంటగా ఉంది. ఇవన్నీ వినాలా? మిగతా సగం ఇవ్వాలా? ఎవరైనా ఇలా చేయించుకున్నవాళ్ళు ఉంటే చెప్పండి.

జైపూర్ జనార్దనం:
28 వేలు పోసి తిట్టించుకున్నావా అన్నా? మా ఒడిశా జైపూర్ రావాల్సింది, టీ ఇప్పిస్తే మేమే తిట్టేవాళ్ళం.

బరంపురం పిన్ని:
జైపూర్ బాబూ, నువ్వు కాసేపు ఊరుకో. ప్యాసింజర్ బాబూ, నాకూ మూడేళ్ళ క్రితం అచ్చం ఇలాగే అయింది కాబట్టి చెప్తున్నా, ముందు ఆ ఉత్తరం ప్రింట్ తీసి బీరువాలో పెట్టి పది రోజులు ముట్టుకోకు, ఆవిడకి మెయిల్ అసలే రాయకు, ఆ మంటలో నేను రాసిన మెయిల్ ఇప్పటికీ తలుచుకుంటే సిగ్గేస్తుంది. పదకొండో రోజు చదివితే అదే ఉత్తరం వేరేగా కనిపిస్తుంది, ఆవిడ నీ పుస్తకం నీకంటే శ్రద్ధగా చదివిందని అర్థమవుతుంది. మనవాళ్ళల్లో ఎవరు చదువుతారు చెప్పు అంత జాగ్రత్తగా, 'బావుంది పిన్నీ' అని బొమ్మ ఒకటి పెట్టేసి ఊరుకుంటారు.

ఒత్తులు దిద్దలేదని కోపం వద్దు, అది ఆవిడ పని కాదు. రేపు తీసేయబోయే పేజీలో ఒత్తులు దిద్దడానికి డబ్బులు దండగ కదా.

నేను చేసింది చెప్తాను. ఇంట్లో పాత శుభలేఖలు ఒక సంచీడు ఉన్నాయి, వాటి వెనక తెల్లటి వైపు ఒక్కో చాప్టర్‌కి ఒక్కో కార్డు రాశాను. ఆ చాప్టర్లో ఎవరికి ఏం కావాలి, చివరికి ఏం మారింది, రెండే రెండు లైన్లు. హాల్లో నేల మీద వరసగా పరిచాను, ఫ్యాన్ ఆపేసి మరీ, మా ఆయన దాటుకుంటూ వెళ్ళలేక వారం రోజులు పెరటి గుమ్మంలోంచే తిరిగారు. 36 కార్డుల్లో తొమ్మిదింటికి రెండో లైను రాయడానికి నాకేమీ దొరకలేదు బాబూ. నా హీరోయిన్ కిటికీలోంచి చూస్తోంది, ఆలోచిస్తోంది, మళ్ళీ చూస్తోంది. ఎడిటర్ 'మధ్యలో నడక ఆగిపోయింది' అంటే నాకు ఒళ్ళు మండింది, కార్డులు చెప్తే నోరు మూసుకున్నాను. నీ 58 పేజీలకి ఇది చేసి చూడు.

సిరొంచ సాయి:
నేను ఉల్టా చెప్త. మాది మహారాష్ట్రల సిరొంచ, ప్రాణహిత ఒడ్డుకు. నా కథలు ఒకాయనకు ఇచ్చిన, ఆయన మంచిగ చేస్త అన్నడు. 'మస్తు' ఉన్నకాడల్లా 'చాలా' పెట్టిండు, మరాఠీ మాటలన్నీ ఏరి పారేసిండు, మా అవ్వ పాత్ర టీవీల వార్తలు చదివినట్టు మాట్లాడుడు షురూ చేసింది. పుస్తకం అచ్చయినంక మా ఊర్లె ఒక పెద్దమనిషి 'ఇది మనూరి ముచ్చట కాదురా' అన్నడు, గంతే, అప్పటి సంది ఆ పుస్తకం ఎవ్వలికీ ఇస్తలేను. పేజీలు పోతె పోనీ అన్నా, మాట మాత్రం ఇయ్యకు.

ప్రూఫు పురుగు, రాయగడ:
సాయి గారూ, మీకు జరిగింది అన్యాయమే, కానీ అది డెవలప్‌మెంటల్ ఎడిటింగ్ కాదండీ. మీ వాక్యం తీసి తన వాక్యం పెట్టేవాడు తిరగరాస్తున్నట్టు. ఈవిడ ఒక్క మాటా మార్చకుండా ప్రశ్నలు వేసి వదిలేసింది, తేడా అక్కడే ఉంది. నేను ఇరవై ఏళ్ళుగా ప్రూఫులు చూస్తున్నాను, తెలుగులో చాలామంది దృష్టిలో ఎడిటర్ అంటే నేనే, అంటే అచ్చుతప్పులు పట్టేవాడు. అసలు వరస వేరు: ముందు కథ కట్టుబడి, దాని తర్వాత వాక్యాలు, ఆఖరికి అక్షరాలు. కథ తేలకుండా డీటీపీకి (అచ్చుకి పేజీలు కట్టడానికి) ఇస్తే మాత్రం నరకమే. యూనికోడ్‌లో కొట్టింది అచ్చు పనికి వాడే 'అను' ఫాంట్లకి మార్చినప్పుడు ఒత్తులు కొన్ని ఎగిరిపోతాయి, అవన్నీ దిద్దాక మీరు మళ్ళీ చాప్టర్లు అటూ ఇటూ చేస్తే నాలాంటివాడు రాయగడ నుంచి పారిపోవాలి.

డబ్బు విషయం: పని చేసింది కాబట్టి మిగతా సగం ఇచ్చేయండి, ఒప్పుకోవడం ఒప్పుకోకపోవడం వేరే సంగతి. కానీ ముందు అడగండి, ఫోన్‌లో ఒక గంట మాట్లాడటం, తిరగరాసాక రెండోసారి చూడటం ఇందులో ఉన్నాయా అని. ఇది పంపకముందే అడగాల్సింది, ఒక చాప్టర్ శాంపిల్ చేయించుకుని చూడాల్సింది కూడా, సరే అయిపోయింది.

ఎవరి కథో తేల్చుకోమనడం చిన్న సలహా కాదు. అమెరికన్ రచయిత్రి హార్పర్ లీ 1957లో ఇచ్చిన రాతప్రతిలో హీరోయిన్ పెద్దదై ఊరికి తిరిగొస్తుంది. టే హోహాఫ్ అనే ఎడిటర్ ఆవిడ చేత మళ్ళీ మళ్ళీ రాయించింది, అది చిన్నపిల్ల చెప్పే కథగా మారి 1960లో 'టు కిల్ ఎ మాకింగ్‌బర్డ్' అయింది. పాతది 2015లో వేరే పుస్తకంగా వచ్చింది, రెండూ పక్కపక్కన పెట్టుకుని చదవండి, ఎడిటర్ ప్రశ్న ఎంత దూరం తీసుకెళ్తుందో తెలుస్తుంది. అయితే రాసింది మటుకు లీ గారే.

ఇక భాష గురించి. గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊళ్ళో కూర్చుని వాడుక మాట రాయొచ్చా అని అడుగుతున్నారా మాస్టారూ! రాయండి. కాకపోతే ఆవిడ తీసేయమనలేదు, అందుతుందా అని అడిగింది. పొఖాళొ అన్నాక ఆ బావ ముంతలోంచి నీళ్ళన్నం వంపుకుని ఉల్లిపాయ కొరికితే గుంటూరువాడికే కాదు ఎవడికైనా అందుతుంది. వెనకాల పదాల పట్టిక మాత్రం పెట్టకండి, ఎవడూ తిప్పి చూడడు.

నౌపడా ప్యాసింజర్:
పిన్నీ, పురుగు గారూ, సాయి అన్నా, మూడు వారాలు మాయమైనందుకు ఏమనుకోకండి. శుభలేఖలు లేవు, మందుల అట్టపెట్టెలు చింపి రాశాను. మొదటి ఆరు చాప్టర్లకి రెండో లైను రాలేదు, ఒక్కదానికీ రాలేదు. చెప్పుకోడానికి బాధగానే ఉంది కానీ ఆ 58 పేజీలు నవల కాదు, నేను కష్టపడ్డానని చూపించుకోవడం. వాటిని వేరే ఫైల్లో పెట్టాను, చెరపలేదు. గేజి సంగతి ఒక్కటి ఉంచాను, అది కూడా పాతపట్నం స్టేషన్లో మనవరాలు పట్టాల మధ్య అడుగులేసి కొలిచినట్టు.

మాటలు ముట్టుకోలేదు, సాయి అన్నా. పొఖాళొ సీను మాత్రం మళ్ళీ రాశాను, ఉల్లిపాయతో సహా.

మార్జిన్‌లో ఒక కామెంటు మొదటిసారి విసుగ్గా దాటేశాను: 'తాతగారి చేతిలాంతరు 71వ పేజీలో ఉంది, మళ్ళీ 246లో కనిపించింది. మధ్యలో అది ఎవరి దగ్గర ఉంది?' నాకు తెలీదు. అమ్మని అడిగాను. తాతయ్య రిటైరయ్యాక లాంతరు తిరిగి ఇచ్చేయాలి కదా, ఇవ్వకుండా బియ్యం డబ్బాలో దాచారట, అమ్మమ్మ రోజూ బియ్యం కొలిచేటప్పుడు దాన్ని తీసి పక్కన పెట్టి మళ్ళీ లోపల పెట్టేదట, ఒక్కరోజూ అడగలేదట. నలభై ఏళ్ళు ఈ ఇంట్లో ఉండి నాకిది తెలీదు. ఇప్పుడు నవల అక్కడ మొదలవుతోంది, అమ్మమ్మ బియ్యం కొలుస్తుంటే. ఎవరి కథో కూడా బహుశా తేలిపోయినట్టే, తాతదీ కాదు మనవరాలిదీ కాదు.

ఎడిటర్ గారికి మిగతా 14 వేలు పంపేశాను. రెండోసారి చూడటానికి ఆరు వేలు అన్నారు, సరే అన్నాను.

ఒక సాయం కావాలి. ఆ లాంతరు ఇప్పుడు మా దగ్గర లేదు, ఎరుపు ఆకుపచ్చ అద్దాలు ఎలా తిప్పేవారో దగ్గరగా చూడాలి. ఎవరి ఇంట్లోనైనా పాత రైల్వే లాంతరు ఉందా?

బరంపురం పిన్ని:
మా మావగారిది ఉంది బాబూ. అద్దం ఒకటి పోయింది, ఆకుపచ్చది ఉంది. రేపు పగలు వీడియో తీసి పెడతాను, రాత్రిపూట నా ఫోన్‌లో ఏదీ సరిగా పడదు.

జైపూర్ జనార్దనం:
పిన్నీ, ఫ్యాన్ ఆపి తియ్యండి.