ఓఆర్‌ఎస్ అడిగితే తియ్యటి జ్యూస్: తప్పెవరిది, లేబుల్ చదవని తల్లిదా, ఆ పేరు పెట్టిన కంపెనీదా?

గాజువాక_రావు (ప్రశ్న)

వైజాగ్‌లో ఎండలు ముదిరినా, తొలకరికి కుళాయి నీళ్లు రంగు మారినా పిల్లలకి విరేచనాలు పట్టుకోవడం మామూలే. పోయిన నీళ్లూ లవణాలూ తిరిగి నింపే మందు కోసం షాపులో "ఓఆర్‌ఎస్ ఇవ్వండి" అంటే ఇన్నేళ్లూ స్ట్రా అంటించిన తియ్యటి జ్యూస్ డబ్బా చేతిలో పెట్టేవారు. పండు బొమ్మ, పెద్దక్షరాల్లో ఆ పేరు, ఓ మూల చిన్న ఇంగ్లీషక్షరాల్లో "ఇది డబ్ల్యూహెచ్‌ఓ చెప్పిన ఓఆర్‌ఎస్ కాదు" అని. 2025 అక్టోబరులో దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆ పేరు వాడొద్దని ఆదేశించింది. అయినా "చదివి కొనుక్కోవద్దా, కన్నవాళ్లకి బాధ్యత లేదా" అనేవాళ్లు తగ్గలేదు. షాపులో నిలబడి అసలుదేదో ఎలా తేల్చుకోవాలి? మోసపోతే ఎవరికి చెప్పాలి?

ఎంవీపీ_ఫార్మసిస్ట్

రావు గారూ, డబ్బాని బట్టి తేల్చకండి. అసలు ఓఆర్‌ఎస్ కూడా టెట్రా ప్యాక్‌లో వస్తుంది. పేరు కింద "ఓరల్ రీహైడ్రేషన్ సాల్ట్స్ ఐ.పి." (ఐ.పి. అంటే భారత ఔషధ ప్రమాణాల గ్రంథం) అనీ, మందుల తయారీ లైసెన్స్ నంబరూ ఉన్నాయా చూడండి. వాటి బదులు 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరు ఒక్కటే కనిపిస్తే అది తాగే పానీయం, మందు కాదు.

ఇంకో గుర్తు చక్కెర. లీటరు నీళ్లకి గ్లూకోజ్ 13.5 గ్రాములు, సోడియం క్లోరైడ్ 2.6, పొటాషియం క్లోరైడ్ 1.5, ట్రైసోడియం సిట్రేట్ 2.9. ఇదీ డబ్ల్యూహెచ్‌ఓ లెక్క. అంటే 100 మి.లీ.కి గ్లూకోజ్ 1.35 గ్రాములు. లేబుల్ మీద చక్కెర 8 అనో 10 అనో కనిపిస్తే వెనక్కిచ్చేయండి. పేగు గోడలోంచి గ్లూకోజూ సోడియమూ జంటగా లోపలికెళ్తాయి, వాటి వెంటే నీళ్లూ వెళ్తాయి. చక్కెర మోతాదు మించితే కథ తిరగబడి, ఒంట్లో ఉన్న నీళ్లనే పేగులోకి లాగుతుంది. విరేచనాలు ఇంకా ఎక్కువవుతాయి. నీళ్లు ఇంకిపోతున్న పసివాడికి ఇది ప్రాణం మీదకి తెచ్చే సంగతి.

అసలు పొడి కొన్నాక కూడా ఇళ్లలో పొరపాట్లు జరుగుతున్నాయి. లీటరు ప్యాకెట్ని గ్లాసెడు నీళ్లలో కలిపేస్తారు, ఉప్పు ఎక్కువై పిల్లాడికి ఫిట్స్ రావచ్చు. సగం పొడి ఇవాళ, సగం రేపు అని దాస్తారు, అందులో ఉప్పూ గ్లూకోజూ సమంగా పడవు. పిల్లాడు తాగట్లేదని పైన పంచదార వేస్తారు, పాలలో కలుపుతారు. ఇవేవీ వద్దు. కాచి చల్లార్చిన నీళ్లు కొలిచి, ప్యాకెట్ మొత్తం ఒకేసారి కలపండి. కలిపాక మరిగించకండి. 24 గంటలు దాటితే పారబోయండి.

రెండేళ్లలోపు పిల్లలకి విరేచనం అయిన ప్రతిసారీ 50 నుంచి 100 మి.లీ., ఆపై పిల్లలకి 100 నుంచి 200. వాంతి చేసుకుంటే పది నిమిషాలాగి చెంచాతో మెల్లగా పట్టండి. ఆరు నెలలు దాటినవాళ్లకి జింక్ రోజుకి 20 మి.గ్రా. చొప్పున 14 రోజులు, ఆలోపు వాళ్లకి 10. కళ్లు లోపలికి పోయినా, మూత్రం ఆగినా, విరేచనంలో రక్తం పడినా, మగతగా ఉన్నా, తాగలేకపోతున్నా విశాఖలోని పెద్ద ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్‌కి గానీ దగ్గర్లో ఉన్న పిల్లల ఆసుపత్రికి గానీ వెంటనే తీసుకెళ్లండి. ఆశా కార్యకర్తల దగ్గర ప్యాకెట్లు ఉచితం.

కోర్టుమెట్లు_విశాఖ

"చదవాల్సింది" అనేవాళ్లకి జవాబు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం లేబులూ, రేపరూ కూడా ప్రకటనే. తప్పుదోవ పట్టించే ప్రకటనల మీద 2022 జూన్ 9న వచ్చిన మార్గదర్శకాలు, కింద రాసే వివరణ పైన చెప్పిన అసలు మాటకి విరుద్ధంగా ఉండకూడదని స్పష్టంగా చెప్పాయి. ప్రకటన ఏ భాషలో ఉంటే వివరణా అదే భాషలో ఉండాలి. పైన "ఓఆర్‌ఎస్", కింద "ఓఆర్‌ఎస్ కాదు" అంటే విరుద్ధం కాక మరేమిటి? నెల దాటీ దాటగానే, 2022 జూలైలో, అలాంటి వివరణ రాస్తే చాలని ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ అనుమతిచ్చేసింది! హైదరాబాద్ పిల్లల వైద్యురాలు శివరంజని సంతోష్ గారు ఏళ్ల తరబడి పట్టువదలకుండా పోరాడాక, 2025 అక్టోబర్ 14న ఆ అనుమతి రద్దయింది. నియంత్రణ సంస్థే దారి ఇచ్చినచోట, అర్ధరాత్రి పిల్లాణ్ణి చంకనేసుకుని పరిగెత్తే తల్లిని తప్పుపట్టడం అన్యాయం.

ఫిర్యాదుకి బిల్లు, డబ్బా అన్ని వైపులా ఫోటోలు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ దగ్గరుంచుకోండి. ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. తప్పుదోవ పట్టించే ప్రకటన మీద జిల్లా కలెక్టర్‌కి కూడా రాతపూర్వకంగా ఇవ్వొచ్చు, కలెక్టరేట్‌లో ఫిర్యాదులు తీసుకునే సోమవారం గ్రీవెన్స్‌లో ఇస్తే రసీదు తీసుకోండి. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ మొదటిసారి 10 లక్షల దాకా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా వేయగలదు. మీకు నష్టపరిహారం కావాలంటే మాత్రం జిల్లా వినియోగదారుల కమిషన్‌కే వెళ్లాలి. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫీజు లేదు, గడువు రెండేళ్లు.

సీతమ్మధార_అమ్మ

మందు విషయంలో మీ మాటే మాట. కానీ పాలలో కలిపే చాక్లెట్ పొడుల సంగతి వేరు కదండీ. 2024 ఏప్రిల్‌లో కేంద్రం వాటిని "హెల్త్ డ్రింక్" వర్గం నుంచి తీసేయమని ఆన్‌లైన్ సైట్లకి చెప్పింది. అక్కడ కంగారు లేదు, తీరిగ్గా చదవొచ్చు. బరువులో ఎక్కువున్నదే పదార్థాల జాబితాలో ముందుంటుంది. చక్కెర, మాల్టోడెక్స్‌ట్రిన్ (పిండి నుంచి తీసే, చక్కెరలా పనిచేసే పొడి), లిక్విడ్ గ్లూకోజ్ ముందు వరసలో కనిపిస్తే కొనాలో వద్దో మనమే తేల్చుకోవాలి. పిల్లాడు మారాం చేశాడని కొని, ఆనక కంపెనీని తిడితే ఎలా?

కోర్టుమెట్లు_విశాఖ

అమ్మా, ఒప్పుకుంటాను, లేబుల్ నిజం చెప్పినంత మేరకు. "ఎత్తు పెరుగుతారు, తెలివి పెరుగుతుంది" అని రుజువు లేకుండా పిల్లలకి చూపిస్తే అది మళ్లీ కంపెనీ తప్పే, 2022 మార్గదర్శకాల్లో పిల్లల ప్రకటనలకి విడిగా నిబంధనలున్నాయి.

గాజువాక_రావు

థాంక్సండీ. మా వైపు చిన్న షాపులు బిల్లు ఇవ్వవు. అప్పుడెలా?

ఎంవీపీ_ఫార్మసిస్ట్

అడిగి తీసుకోండి. బిల్లు ఇవ్వకపోవడమే పైన చెప్పిన 2019 వినియోగదారుల చట్టం కింద అనుచిత వ్యాపార పద్ధతి. ఎంతకీ ఇవ్వకపోతే ఫోన్‌పేలో కట్టి ఆ స్క్రీన్‌షాట్, షాపు బోర్డు ఫోటో దాచుకోండి. డబ్బా మాత్రం పారేయొద్దు, బ్యాచ్ నంబరు దాని మీదే ఉంటుంది.