యాజకుడు విధవరాలిని వివాహమాడవచ్చునా? లేవీయకాండానికీ యెహెజ్కేలుకూ మధ్య తేడా గురించి

బైబిలు పాత నిబంధనలోని లేవీయకాండము 21వ అధ్యాయం ప్రకారం సాధారణ యాజకుడు వేశ్యనుగాని, భ్రష్టురాలినిగాని, భర్త విడనాడిన స్త్రీనిగాని పెండ్లి చేసుకోకూడదు. విధవరాలి ప్రస్తావన అక్కడ లేదు. అదే అధ్యాయం 14వ వచనంలో ప్రధాన యాజకునికి మాత్రం విధవరాలిని కూడా నిషేధించి, తన ప్రజలలోని కన్యకనే చేసుకోవాలని ఆజ్ఞాపించారు. ఇంతవరకు స్పష్టమే. అయితే యెహెజ్కేలు ప్రవక్త గ్రంథం 44:22లో యాజకులందరికీ విధవరాలు నిషిద్ధమని చెప్పి, మరణించిన యాజకుని భార్యకు మాత్రం మినహాయింపు ఇచ్చారు.

తల్ముదు (యూదుల ధర్మశాస్త్ర వ్యాఖ్యాన గ్రంథం) పండితులు ఈ వచనాన్ని విడదీసి, మొదటి భాగం ప్రధాన యాజకునికి, చివరి భాగం ఇతర యాజకులకు వర్తిస్తుందని సమన్వయించారు. ఆ వివరణ తెలివైనదే గాని, వచనం సహజంగా చదివితే వచ్చే అర్థం అది కాదని నాకు అనిపిస్తోంది.

నా సందేహం ఇది: మినహాయింపుకు కారణం వంశశుద్ధి అయితే, యాజకేతరుని విధవరాలికి పిల్లలు లేకపోయినా ఆమెను ఎందుకు తిరస్కరించాలి? లేవీయకాండము 22:13లో, అన్యునికి (యాజకుడు కానివానికి) భార్యయై, సంతానం లేకుండా విధవరాలైన యాజకుని కుమార్తె పుట్టింటికి తిరిగివస్తే యాజక కుటుంబానికి కేటాయించిన ప్రతిష్ఠిత ఆహారం తినవచ్చని ఉంది కదా. అంటే పరిశుద్ధత ఆమెకు శాశ్వతంగా దూరం కాలేదు. హీబ్రూ మూలం చదివినవారు ఎవరైనా, యెహెజ్కేలు పాత నియమాన్నే కఠినతరం చేశాడా, లేక తాను దర్శనంలో చూసిన రాబోయే ఆలయం కోసం వేరొక నియమం చెప్పాడా అన్నది వివరించగలరా?