తైక్వాండో ఎవరిది? కొరియాదా, జపాన్‌దా?

హనుమకొండ తమ్ముడు:
మా క్లాస్ గోడ మీద ‘రెండు వేల ఏళ్ల కొరియా యుద్ధవిద్య’ అని పెద్ద అక్షరాలతో ఉంటుంది. నిన్న కరాటే నేర్చుకునే ఫ్రెండ్ ‘అదంతా మా దగ్గర కొట్టేసిందే’ అన్నాడు. చాలా బాధేసింది. ఏది నిజమో పెద్దవాళ్లు చెప్పండి.

కాకినాడ బ్లాక్‌బెల్ట్:
గోడ మీది మాట నమ్మకు తమ్ముడూ. 1910 నుంచి 1945 దాకా కొరియా జపాన్ పాలనలో ఉంది. చదువు కోసం జపాన్ వెళ్లిన కొరియా కుర్రాళ్లు కొందరు అక్కడే కరాటే నేర్చారు. 1944లో సియోల్‌లో చుంగ్ దో క్వాన్ అనే శిక్షణ బడి పెట్టిన లీ వోన్ కుక్, జపాన్‌లో కరాటే నేర్పిన గురువు ఫునాకోషి గిచిన్ శిష్యుడే. తైక్వాండో అన్న పేరు వచ్చిందే 1955లో.

నాకు మొదట నేర్పిన ప్యాటర్న్, అంటే వరుసగా చేసే కదలికలు, చోన్ జీ. ఎడమకు తిరిగి కింది బ్లాక్, అడుగు ముందుకేసి పంచ్, వెనక్కి తిరిగి మళ్లీ బ్లాక్, పంచ్. అదే గ్రౌండ్‌లో అవతల కరాటే పిల్లలు హెయాన్ షోదాన్ అనే వాళ్ల ప్యాటర్న్ చేసేవాళ్లు. దాని మొదలు అచ్చం మాదే! రెండో వైపు పిడికిలితో పైనుంచి కొట్టే ఒక్క దెబ్బ తప్ప తేడా కనపడేది కాదు. ఇదేంటని అడిగితే మాస్టారు కసిరేవారు. ఉన్నది చెప్తే ఏం పోయేదో నాకిప్పటికీ అర్థం కాదు.

నెల్లూరు కోచ్:
మరి తెక్యోన్ సంగతేంటన్నా? కాళ్లతో ఆడే పాత కొరియా విద్య, 2011లో యునెస్కో జాబితాకెక్కింది. మన కిక్‌లు అక్కడివే. కొట్టేశారంటే నేను ఒప్పుకోను.

కాకినాడ బ్లాక్‌బెల్ట్:
కొట్టేశారని నేనూ అనను కోచ్ గారూ. కానీ తెక్యోన్‌ను కాపాడింది సాంగ్ డోక్ గి లాంటి పాత తెక్యోన్ గురువులు. తైక్వాండోకు మూలమైన తొలి క్వాన్‌లు (బడులు) పెట్టినవాళ్లలో చాలామంది కరాటే చేసి వచ్చినవాళ్లు. ఇప్పటి కిక్‌లు చాలావరకు తర్వాత కొరియావాళ్లు పోటీల్లో పెంచుకున్నవి. పంచ్‌కు 1 పాయింట్, తలకు తగిలే కిక్‌కు 3 ఇస్తే కాలు లేవకేం చేస్తుంది? ఆ కష్టం వాళ్లదే, గర్వమూ వాళ్లదే. దానికి రెండు వేల ఏళ్ల కథ ఎందుకు?

ఇంకోటి తమ్ముడూ. కరాటే కూడా జపాన్ దక్షిణాన ఉన్న ఒకినావా దీవి నుంచి టోక్యో చేరిందే. ఫునాకోషి 1922లో అక్కడికెళ్లి చూపించారు. ఒకినావావాళ్లు చైనా నుంచి ఎంతో తీసుకున్నారు. క్యోకుషిన్ కరాటే పెట్టిన మసుతాత్సు ఒయామా కొరియాలో పుట్టినవాడు. ఇదీ మీ ఫ్రెండ్‌కు చెప్పు.

హనుమకొండ తమ్ముడు:
ఒయామా పోస్టరే వాడి గదిలో ఉందన్నా! ఇవాళే అడుగుతా.