అగ్గిపెట్టెలు, బొత్తాలతో కుట్టుగది చేస్తున్నాను, కానీ సీసా మూత సీసా మూతలాగే కనిపిస్తోంది

కుట్టుగది అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్తే. మా అమ్మ ముప్పై ఏళ్లు బట్టలు కుట్టింది. చూపు తగ్గాక మిషన్ పక్కన పెట్టేసింది. ఆమె కూర్చుని కుట్టిన గదిని 1:12 స్కేల్‌లో, అంటే అసలు కొలతలో పన్నెండో వంతుకు, డయోరామాగా (చిన్న నమూనా గదిగా) చేసి ఇవ్వాలని మొదలుపెట్టాను. రెడీమేడ్ బొమ్మ సామాను కొనదలచుకోలేదు. అమ్మ డబ్బాలో మిగిలిన బొత్తాలు, హుక్కులు, జిప్పు ముక్కలు, ఇంట్లో పారేసే వస్తువులు, వీటితోనే చేయాలని పట్టుదల.

ఇప్పటిదాకా అయినవి ఇవి. నాలుగు అగ్గిపెట్టెలు ఒకదానిమీద ఒకటి అంటించి సొరుగుల బల్ల చేశాను, పిడులకు గుండుసూది తలలు పెట్టాను. నీళ్ల సీసా మూతకు టూత్‌పిక్ ముక్కలు కాళ్లుగా పెట్టి స్టూలు చేశాను. ఐస్‌క్రీమ్ పుల్లలతో కత్తిరింపు బల్ల. ఎరేజర్‌ను చెక్కి, నల్ల రంగు వేసి కుట్టుమిషన్. మాత్రల షీటులో ఒక బుడగ కత్తిరించి దీపానికి షేడ్.

చేతిలో పట్టుకుని చూస్తే ఒక్కొక్కటీ బాగానే ఉంది. గదిలో పెడితే సొరుగుల బల్ల తప్ప ఏదీ కుదరలేదు. మా చెల్లి చూసి "సీసా మూత భలే అంటించావే" అంది. స్టూలు అని దానికి తట్టనే లేదు. ఇంకో రెండు సమస్యలు: మూడు వారాలైనా మిషన్ మీది రంగు చేతికి జిగటగా తగులుతోంది. దీపం షేడ్ అంటించిన మర్నాటికి తెల్లగా మసకబారింది. అమ్మ పుట్టినరోజు దగ్గర పడుతోంది, టెన్షన్‌గా ఉంది. ఎవరైనా దారి చెప్పండి.

అంగుళంస్కేలు ఇచ్చిన జవాబు:

ముందు మీకు కుదిరిన సొరుగుల బల్ల సంగతి చూద్దాం. అది ఎందుకు కుదిరిందో తెలిస్తే మిగతావి మీరే సరిచేసుకుంటారు.

అగ్గిపెట్టె సుమారు 5 సెం.మీ. పొడవు, 3.5 వెడల్పు, 1.5 మందం. పన్నెండుతో గుణించండి: 60 సెం.మీ. వెడల్పు, 42 లోతు, ఒక్కో సొరుగు 18 ఎత్తు. నాలుగు పేరిస్తే 72 సెం.మీ. అచ్చం ఇళ్లలో ఉండే సొరుగుల బల్ల కొలతలే. మీకు తెలియకుండానే లెక్క కలిసొచ్చింది.

ఇప్పుడు స్టూలు. మూత అడ్డుకొలత దాదాపు 3 సెం.మీ., అంటే అసలు కొలతలో 36. స్టూలు పీటకు అది సరిపోతుంది. మరి కాళ్లు ఎంత పొడవు పెట్టారు? మనిషి కూర్చునే ఎత్తు సుమారు 45 సెం.మీ., మన స్కేల్‌లో 3.75. అంతకన్నా పొట్టిగా ఉంటే కన్ను దాన్ని కుర్చీగా ఒప్పుకోదు, మూతగానే చూస్తుంది. కత్తిరింపు బల్ల కూడా కొలవండి. నిలబడి కత్తిరించే బల్ల 90 సెం.మీ. ఉంటే మనకు 7.5. కూర్చుని కుట్టే మిషన్ బల్ల 75 అనుకుంటే 6.25. నేను ఏ వస్తువు చేతిలోకి తీసుకున్నా ముందు పన్నెండుతో గుణించి, ఇది మనిషి ఒంట్లో ఎక్కడిదాకా వస్తుంది, మోకాలి దాకానా, నడుము దాకానా అని చూస్తాను. ఎక్కడికీ పొసగకపోతే డబ్బాలోకి వెళ్లిపోతుంది, ఎంత అందమైన వస్తువైనా సరే.

రెండోది గుర్తులు. మూతను పట్టించేది దాని గుండ్రతనం కాదు, అంచు చుట్టూ ఉన్న గీతలు. వాటిని ఉప్పుకాగితంతో రుద్దేయండి, లేదా పలచని అట్ట పట్టీ చుట్టి మూసేయండి. పైన చిన్న దూది, దాని మీద బాగా నలిగిన చేతిరుమాలు గుడ్డ బిగించి లోపలికి మడిచి అంటిస్తే మెత్త వేసిన స్టూలు అవుతుంది. ఐస్‌క్రీమ్ పుల్లకు గుర్తు దాని గుండ్రటి చివరలు. రెండు వైపులా కత్తిరించి పారేయండి. మిగిలింది ఒట్టి పలక. దాని 2 మి.మీ. మందం అసలు కొలతలో 24 మి.మీ., బల్ల పైపలకకు బాగుంటుంది. అల్మారా తలుపుకు మాత్రం మోటుగా ఉంటుంది, అక్కడ అట్ట వాడండి.

మిషన్ విషయంలో కొంచెం బాధగా ఉన్నా చెప్పాలి, దాన్ని మళ్లీ చేయండి. ఎక్కువ ఎరేజర్లు మెత్తటి వినైల్‌తో చేస్తారు. దాన్ని మెత్తగా ఉంచడానికి కలిపే ద్రవం మెల్లగా బయటికొచ్చి పైనున్న రంగును ఆరనివ్వదు. పక్కన ప్లాస్టిక్ వస్తువు ఆనుకుని ఉంటే దాన్నీ కరిగిస్తుంది. బట్టలారేసే చెక్క క్లిప్పు ఒకటి విప్పి, దాని సగాన్ని ముక్కలు చేసి మిషన్ శరీరం చెక్కండి. అసలు మిషన్ సుమారు 40 సెం.మీ. పొడవు అనుకుంటే మీకు 3.3 చాలు. నల్ల రంగు పూర్తిగా ఆరాక 6బీ పెన్సిల్ (బొమ్మలు గీసే మెత్తటి పెన్సిల్) పొడి వేలితో అద్ది అంచుల మీద మాత్రమే రుద్దండి. ఏళ్ల తరబడి చెయ్యి తగిలి అరిగిన ఇనుములా మెరుస్తుంది. పక్కనుండే చక్రానికి అమ్మ డబ్బాలోంచి ఒక చొక్కా బొత్తం తీసుకోండి. 11 మి.మీ. బొత్తం అసలు కొలతలో 13 సెం.మీ., మిషన్ చేతిచక్రం దాదాపు అంతే. నాలుగు చిల్లులనూ మూసి రంగేస్తే బొత్తమని ఎవరూ పోల్చుకోరు.

దారం రీళ్లు చేస్తారు కదా, అక్కడ జాగ్రత్త. ఇయర్‌బడ్ పుల్లను 5 మి.మీ. ముక్కలుగా కోస్తే చక్కటి రీళ్లు. కానీ మామూలు కుట్టుదారం చుట్టకండి. 0.3 మి.మీ. దారం ఆ గదిలో 3.6 మి.మీ. తాడు అవుతుంది. దారాన్ని పురి విప్పి, అందులో ఒక్క పోగు తీసి చుట్టండి. ఓపిక కావాలి, కానీ కుట్టు తెలిసిన మనిషి కన్ను ముందు పడేది అక్కడే.

1940లలో అమెరికాలో పోలీసుల శిక్షణ కోసం ఫ్రాన్సెస్ గ్లెస్నర్ లీ నేరస్థలాల నమూనా గదులు చేయించారు. అవీ 1:12 స్కేలే. అందులోని బొమ్మలకు మేజోళ్లను ఆమె గుండుసూదులతో అల్లారు. మామూలు అల్లికసూదులతో అల్లితే ఆ సైజుకు కుట్లు రావు మరి.

పలచనిజిగురు ఇచ్చిన జవాబు:

షేడ్ మసకబారింది సూపర్ గ్లూ వల్ల. అది బిగుసుకునేటప్పుడు వచ్చే ఆవిరి దగ్గరలోని నున్నటి ప్లాస్టిక్ మీద తెల్లటి పొరగా పేరుకుంటుంది. గాలి ఆడని చోట, జిగురు ఎక్కువ పెట్టినప్పుడు మరీ ఎక్కువ. పారదర్శకంగా ఉండాల్సిన వాటికి చెక్కపని తెల్ల జిగురు వాడండి, ఆరితే కనపడదు. పాడైన బుడగను వదిలేసి ఇంకోటి కత్తిరించండి, ఎలాగూ షీటులో పది ఉంటాయి.

ఇంకొక మాట, గోడలు థర్మాకోల్‌తో కడుతుంటే దానిమీద నేరుగా స్ప్రే పెయింట్ కొట్టకండి. గుంతలు పడి కరిగిపోతుంది. ముందు తెల్ల జిగురు పూత వేసి ఆరనివ్వాలి.

రంగుడబ్బా ఇచ్చిన జవాబు:

అంగుళంస్కేలు గారు చెప్పిన కొలతలన్నీ నిజం. గుర్తులన్నీ చెరిపేయాలనే మాట దగ్గర మాత్రం నేను ఒప్పుకోను. జపాన్‌లో తత్సుయా తనాకా అనే ఫొటోగ్రాఫర్ 2011 నుంచి రోజుకో మినియేచర్ ఫొటో పెడుతున్నారు. ఆయన దగ్గర బ్రకోలీ బ్రకోలీగానే ఉంటూ చెట్టవుతుంది, ఆ రెండూ ఒకేసారి కనపడటంలోనే ఆనందం. ఇది మీ అమ్మగారికి ఇస్తున్న గది. ఆమె బొత్తాన్ని ఆమె గుర్తుపట్టకుండా చేసి ఏం లాభం? మూత గీతలు రుద్దేయండి, దానికి ఏ జ్ఞాపకమూ లేదు. బొత్తం చిల్లులు మాత్రం మూయకండి.

అంగుళంస్కేలు:

ఇది నాకు తట్టలేదు. రంగుడబ్బా గారు చెప్పిందే సరి. బొత్తానికి అస్సలు రంగు కూడా వేయకండి.

కుట్టుగది:

అందరికీ చాలా థాంక్స్. స్టూలు కాళ్లు కొలిచాను, 2.4 సెం.మీ. మాత్రమే ఉన్నాయి! కొత్త కాళ్లు 3.3 కోశాను, పైన మూత మందం, మెత్త కలిసి 3.75 అయింది. గీతలు రుద్ది, పాత జాకెట్టు లైనింగ్ గుడ్డ బిగించాను. చెల్లికి చూపించాను, ఏమీ చెప్పకుండా. వేలితో స్టూలును మిషన్ దగ్గరికి జరిపింది.

మిషన్ క్లిప్పు చెక్కతో మళ్లీ చేశాను. చక్రానికి నీలం బొత్తం, చిల్లులతో సహా అలాగే ఉంచాను. నా స్కూలు చొక్కాకి ఊడిపోతే అమ్మ దాచిన బొత్తం అది. ఒక చిల్లులోంచి ఒక్క పోగు దారం దూర్చి వదిలేశాను.

రీళ్లు ఇప్పటికి ఆరు అయ్యాయి, ఇంకో పద్నాలుగు చుట్టాలి. ఒక్క పోగు తెగకుండా చుట్టడానికి చిట్కా ఏమైనా ఉంటే చెప్పండి, ప్రతి రెండో రీలుకీ తెగిపోతోంది.

పలచనిజిగురు:

తెల్ల జిగురులో నీళ్లు కలిపి, పోగును రెండు వేళ్ల మధ్య ఒకసారి తడిపి తీయండి. నూగు అణుగుతుంది, బలం వస్తుంది. చుట్టేటప్పుడు పోగును లాగకండి. రీలును ఒక సూదికి గుచ్చి, సూదినే తిప్పండి.