మెల్‌బోర్న్‌లో కొత్త జంటకి మన అసోసియేషన్ పెడుతున్న 2025 మే 3 రిసెప్షన్ పనుల లిస్టు (హాలు పోయింది, పైనుంచి చదవండి)

టార్నిట్ అక్క, ఏప్రిల్ 1, రాత్రి 9:10
లిస్టు మళ్ళీ పెడుతున్నా. సగం పనుల పక్కన పేర్లే లేవు.
1. స్టేజీ, వెనక పూల తెర
2. గుండ్రటి బల్లలు, కుర్చీలు
3. ఫొటో బూత్
4. లైవ్ దోశ కౌంటర్
5. ఇండియాకి వీడియో. మనకి రాత్రి 7 అంటే అక్కడ మధ్యాహ్నం రెండున్నర, అమ్మాయి అమ్మానాన్నలు అప్పటికి భోంచేసి కూర్చుంటారు.
6. రంగు లైట్లు
7. జంట ఎంట్రీకి పొగ మెషీన్
8. పెళ్ళికూతురి తాతయ్య పోయారు కదా, డాన్సు బదులు ఏం చేస్తాం?
ఎనిమిదోది అందరూ చూసీ చూడనట్టు దాటేస్తున్నారు. 140 మందిని పిలిచి మూడు గంటలు కూర్చోబెట్టి ఏం చేద్దామని?

కార్యదర్శి, ఏప్రిల్ 1, రాత్రి 9:52
అక్కా, లిస్టు కాస్త ఆపు. ఇప్పుడే హాలు వాళ్ళ మెయిల్ వచ్చింది. మే 3న ఎన్నికలు కదా, మన హాలు పోలింగ్ కేంద్రమట. బుకింగ్ రద్దు. బాండ్ (డిపాజిట్) 500 డాలర్లు వెనక్కి ఇస్తారు.

ఫుట్‌స్క్రే తమ్ముడు, ఏప్రిల్ 1, రాత్రి 9:55
అన్నా, ఏప్రిల్ 1న మాతోనా ఈ ఆటలు?

కార్యదర్శి, ఏప్రిల్ 1, రాత్రి 9:58
నాకు నవ్వే ఓపిక లేదురా. మనం జనవరిలో బుక్ చేశాం. ప్రధాని తేదీ ప్రకటించింది మొన్న 28వ తారీఖు శుక్రవారం. ఎన్నికలొస్తే హాలు వెనక్కి తీసుకుంటామని వాళ్ళ షరతుల్లో ఉందట. చదవకుండా సంతకం పెట్టింది నేనే.

కోశాధికారి బాబాయ్, ఏప్రిల్ 1, రాత్రి 10:20
పోలింగ్ సాయంత్రం 6కి అయిపోతుంది కదా. మనం ఏడింటికి మొదలుపెడితే?

ఎన్నికల డ్యూటీ అన్న, ఏప్రిల్ 1, రాత్రి 10:31
కుదరదు బాబాయ్. 6కి తలుపులు మూస్తే, అదే గదిలో అప్పుడే లెక్కింపు మొదలవుతుంది. నేను ఆ రోజు డ్యూటీకి పేరిచ్చాను, అందుకే తెలుసు. బయటివాళ్ళని గుమ్మం తొక్కనివ్వరు.

టార్నిట్ అక్క, ఏప్రిల్ 1, రాత్రి 10:33
నువ్వు ఆ రోజు డ్యూటీకి పేరిచ్చావా? రెండో పని నీదే కదా!

ఎన్నికల డ్యూటీ అన్న, ఏప్రిల్ 1, రాత్రి 10:34
సాయంత్రానికి వచ్చేద్దామనుకున్నా అక్కా.

పాయింట్ కుక్ పిన్ని, ఏప్రిల్ 2, ఉదయం 7:15
చుట్టుపక్కల నాలుగు హాళ్ళకు ఫోన్ చేశాను. రెండు పోలింగ్‌కే పోయాయి. ఒకదాంట్లో ఎవరిదో పుట్టినరోజు. నాలుగోది ఎత్తలేదు. స్కూళ్ళు అడగడం దండగ, అవి ఎప్పుడూ పోలింగ్‌కే. కారమ్ డౌన్స్ గుడి వైపు చూద్దామంటే ఇక్కడి నుంచి గంట పైనే, పిల్లలతో రాత్రిపూట ఎవరొస్తారు?

ఫుట్‌స్క్రే తమ్ముడు, ఏప్రిల్ 2, మధ్యాహ్నం 12:40
ఫంక్షన్ సెంటర్ ఒకటి ఖాళీగా ఉంది. తలకి 85 డాలర్లు. భోజనం, డెకరేషన్, డీజే, డాన్స్ ఫ్లోర్ అన్నీ అందులోనే.

కోశాధికారి బాబాయ్, ఏప్రిల్ 2, మధ్యాహ్నం 1:05
140 మందికి 11,900. మన దగ్గర ఉన్నది 6,200. డీజే, ఫ్లోర్ తీసేస్తే తగ్గిస్తారేమో కనుక్కోరా.

ఫుట్‌స్క్రే తమ్ముడు, ఏప్రిల్ 2, మధ్యాహ్నం 1:30
తగ్గించరట, ప్యాకేజీ ప్యాకేజీయే. ఎలాగూ డబ్బు కడుతున్నాం కాబట్టి ఒక్క అరగంట డీజే పెట్టిస్తే తప్పేంటి? మాఘంలో వరంగల్‌లో బరాత్ జరుగుతుంటే మేము ఎనిమిది మందిమి ఇక్కడ వీడియోలో చూస్తూ కూర్చున్నాం. లీవులు దొరకలేదు. తీన్మార్ వేయడానికి మాకున్నది ఈ ఒక్క రోజే.

పాయింట్ కుక్ పిన్ని, ఏప్రిల్ 2, మధ్యాహ్నం 1:42
ఆ పెద్దాయనకి మొదటి మాసికం కూడా కాలేదు. తెనాలిలో ఆ ఇంట్లో ఇంకా దీపం కూడా కొండెక్కలేదేమో. అమ్మానాన్నలు ఫోన్లో చూస్తుంటే వాళ్ళ ముందు తీన్మార్ వేస్తారా?

ఫుట్‌స్క్రే తమ్ముడు, ఏప్రిల్ 2, మధ్యాహ్నం 1:44
అంటే మాకు తెలివి లేదనా పిన్నీ? ప్రతిసారీ ఇంతే. కుర్చీలు మోయడానికి మేము, పద్ధతులు చెప్పడానికి మీరు.

పాయింట్ కుక్ పిన్ని, ఏప్రిల్ 2, మధ్యాహ్నం 1:50
నేను ఆ మాట అనలేదు. 140 మందికి పులిహోర కలిపేది కూడా నేనే, పద్ధతులు చెప్పేవాళ్ళకి చేతులు ఉండవనుకోకు.

వెర్రిబీ వదిన, ఏప్రిల్ 2, మధ్యాహ్నం 2:02
మధ్యేమార్గం ఒకటి. కోలాటం పెడదాం. కోలాటం డాన్సు కాదు కదా?

కార్యదర్శి, ఏప్రిల్ 2, మధ్యాహ్నం 2:03
కాదా?

వెర్రిబీ వదిన, ఏప్రిల్ 2, మధ్యాహ్నం 2:04
గుళ్ళో వేస్తారు. భజన లాంటిది.

కోశాధికారి బాబాయ్, ఏప్రిల్ 2, మధ్యాహ్నం 2:10
అమ్మా, కర్రలు పట్టుకుని గుండ్రంగా ఎగిరితే డాన్సే. పైగా మన వాళ్ళకి కర్రలు ఇవ్వడం, అదీ ఈ మూడ్‌లో, మంచిది కాదు.

టార్నిట్ అక్క, ఏప్రిల్ 2, సాయంత్రం 6:20
ఇక ఆపండి. పెళ్ళికూతురు కూడా ఈ గ్రూపులోనే ఉందని ఒక్కరికీ గుర్తు లేనట్టుంది.

పెళ్ళికూతురు, ఏప్రిల్ 2, రాత్రి 8:47
అన్నీ చదివాను, ఫర్వాలేదు. తాతయ్య పోయింది మా పెళ్ళయ్యాక. గోత్రం మారింది కాబట్టి నీకు మూడు రోజుల మైలేనని మా పంతులుగారు చెప్పారు. శాస్త్రం ప్రకారం నేను ఎగరొచ్చు. నాకే ఎగరాలని లేదు. అలాగని అందరూ మొహాలు వేలాడేసుకుని వచ్చి, తిని వెళ్ళిపోతే ఇంకా బాధ. పెళ్ళిలో చదివింపులు మైకులో చదివింది తాతయ్యే. ఎవరు ఎంత ఇచ్చినా చివర్లో "అక్షరాలా" అని సాగదీసేవారు. స్టీలు గిన్నె ఇచ్చినా "అక్షరాలా ఒక గిన్నె" అనేవారు. పందిరంతా నవ్వింది. నాకు అలాంటిది ఏదైనా కావాలి. హాలు లేకపోతే మా ఇంటి వెనక పెట్టుకుందాం, చలి వేస్తే శాలువాలు తెచ్చుకోండి.

ఫుట్‌స్క్రే తమ్ముడు, ఏప్రిల్ 2, రాత్రి 9:15
సారీ అక్కా. పిన్నీ, మీకు కూడా.

పాయింట్ కుక్ పిన్ని, ఏప్రిల్ 2, రాత్రి 9:20
సరేలే. ఆదివారం ఇంటికి రా, గారెలు చేస్తున్నా.

ఎన్నికల డ్యూటీ అన్న, ఏప్రిల్ 3, ఉదయం 8:05
ఒక మాట. శనివారం పోయింది, నిజమే. మరి మే 4 ఆదివారం పగలు అదే హాలు అడిగారా?

కార్యదర్శి, ఏప్రిల్ 3, ఉదయం 11:30
అడిగాను. ఇస్తారట, 11 నుంచి 4 దాకా. మా వల్ల మీకు ఇబ్బంది అయింది కాబట్టి పాత రేటులోనే అన్నారు. రాహుకాలం నాలుగున్నరకి, అంతకు ముందే ఖాళీ చేసేస్తాం, పెద్దవాళ్ళకి ఆ మాట చెప్పండి.

టార్నిట్ అక్క, ఏప్రిల్ 3, ఉదయం 11:41
పగలు అయితే రంగు లైట్లెందుకు? దోశ కౌంటర్ వాడు ఆదివారం రానన్నాడు.

పాయింట్ కుక్ పిన్ని, ఏప్రిల్ 3, మధ్యాహ్నం 12:15
పోతే పోనీ. పగటి భోజనం అంటే బంతి భోజనమే. అరటాకులు సన్‌షైన్ పేటలో వియత్నాం వాళ్ళ కొట్టులో ఫ్రీజర్లో దొరుకుతాయి. నిలబడి ప్లేట్లు పట్టుకోవడం ఉండదు, పొడుగు బల్లలు, 70 మంది చొప్పున రెండు బంతులు. పిల్లలు వడ్డిస్తారు. కొసరి కొసరి వడ్డిస్తే అదే సగం వినోదం. బూరె వద్దన్నవాడికి రెండు వేయాలి.

వెర్రిబీ వదిన, ఏప్రిల్ 3, మధ్యాహ్నం 12:50
పెళ్ళిలో మనం చిన్నప్పుడు చూసినవన్నీ పెడదాం. బిందెలో ఉంగరం, పూబంతులాట. మదర్స్ డే ముందు కదా, చామంతులు కొట్ల నిండా ఉంటాయి. బంతులు నేను కడతా. బిందె ఎవరి దగ్గరైనా ఉందా? ఇత్తడిది.

కోశాధికారి బాబాయ్, ఏప్రిల్ 3, మధ్యాహ్నం 1:10
మా ఆవిడ దగ్గర ఉంది. గొడుగులు పెట్టుకునేందుకు వాడుతోంది.

ఫుట్‌స్క్రే తమ్ముడు, ఏప్రిల్ 3, మధ్యాహ్నం 2:00
అక్కా, హాలు గుమ్మం దగ్గర మా ఎనిమిది మందిమీ అడ్డం నిలబడతాం. పేర్లు చెప్పకుండా లోపలికి పోనివ్వం. ఆడపడుచుల డ్యూటీ మాది. కట్నం కూడా వసూలు చేస్తాం.

పెళ్ళికూతురు, ఏప్రిల్ 3, మధ్యాహ్నం 2:06
ఎనిమిది మంది మీసాల ఆడపడుచులా! మీ అన్నకి చెప్పాను, ఇప్పటి నుంచే సిగ్గుపడుతున్నాడు.

టార్నిట్ అక్క, ఏప్రిల్ 9, రాత్రి 10:05
చదివింపుల గురించి ఆలోచించాను. కవర్లు, డబ్బులు వద్దని వాళ్ళిద్దరూ ముందే చెప్పారు. బదులుగా ఒక్కో ఇల్లు ఒక పని చదివించాలి. ఎయిర్‌పోర్టుకి దింపడం, డ్రైవింగ్ నేర్పడం, చలికాలంలో ఒక వారం రసం పంపడం. చీటీ మీద రాసివ్వండి, బాబాయ్ మైకులో చదువుతారు. "అక్షరాలా" మాత్రం మరిచిపోకూడదు.

కోశాధికారి బాబాయ్, ఏప్రిల్ 9, రాత్రి 10:30
పాయింట్ కుక్ వారి తరఫున ఆవకాయ జాడీ, అక్షరాలా ఒకటి. ఇలాగేనా?

పెళ్ళికూతురు, ఏప్రిల్ 9, రాత్రి 10:33
ఇంకొంచెం సాగదీయాలి బాబాయ్ గారూ. "రా" దగ్గర.

కొత్తగా వచ్చిన స్టూడెంట్, ఏప్రిల్ 23, రాత్రి 7:20
నమస్తే అందరికీ. ముందస్తు ఓటింగ్ నిన్న మొదలైంది, మా ఓనర్ వేసి వచ్చాడు. కాగితం మీద అన్ని గడులకీ 1, 2, 3 అని నంబర్లు వేయాలట. మాకు వీసా మీద ఓటు లేదు కదా, చూస్తే సరదాగా ఉంది. రిసెప్షన్‌లో అలాంటి బ్యాలెట్ పెడదామా? "ఈ ఇంట్లో ఎవరి మాట చెల్లుతుంది?" పెళ్ళికొడుకు, పెళ్ళికూతురు, వాళ్ళ అమ్మ, వీళ్ళ అమ్మ, వైఫై. అన్నిటికీ నంబర్లు వేయాలి.

ఎన్నికల డ్యూటీ అన్న, ఏప్రిల్ 23, రాత్రి 7:45
శభాష్. నేను లెక్కపెడతా, ముందు రోజు అసలు లెక్కింపులో ట్రైనింగ్ ఉచితంగా అవుతుంది. ప్రిఫరెన్సులు (తక్కువ వచ్చినవాళ్ళ ఓట్లు తర్వాతి నంబరుకి) పంచేటప్పుడు అరుపులు ఖాయం. పెట్టె బాస్మతి డబ్బాతో చేయి తమ్ముడూ. ఒక్కటి గుర్తుంచుకోండి, ఆదివారం పొద్దున హాల్లో మూల పెట్టిన అట్ట బూత్‌లు కనిపిస్తే ఎవరూ ముట్టుకోకండి. అవి మనవి కాదు.

కార్యదర్శి, మే 2, రాత్రి 9:00
ఓటు హక్కు ఉన్నవాళ్ళు రేపు వేసి రండి, వేయకపోతే 20 డాలర్ల ఫైను, అది అసోసియేషన్ కట్టదు. ఆదివారం 9:30కి హాలు తాళం నా దగ్గర. వీడియో ఒంటి గంటకి పెడుతున్నాం, అక్కడ ఎనిమిదిన్నర. వాళ్ళ టిఫిన్ అయ్యాక చదివింపులు.

పాయింట్ కుక్ పిన్ని, మే 2, రాత్రి 9:25
ఆకులు 160 తెచ్చాం, చిరిగినవి తీసేసినా సరిపోతాయి. రేపు రాత్రి కరగడానికి బయట పెడతాను. ఫుట్‌స్క్రే పిల్లలు నలుగురు పూర్ణాలు చుట్టడానికి వస్తున్నారు. వాళ్ళకి రాదు, అయినా రమ్మన్నాను.

కోశాధికారి బాబాయ్, మే 2, రాత్రి 9:50
ఇప్పుడే ఒకాయన ఫోన్ చేశాడు. పొగ మెషీన్ ఆదివారం పొద్దున 10కి హాలుకి తెస్తాడట. ఎవరూ రద్దు చేయలేదా?

టార్నిట్ అక్క, మే 2, రాత్రి 9:52
నేను లిస్టు చూసి మూడు వారాలైంది.

కార్యదర్శి, మే 2, రాత్రి 9:53
నేను కూడా.

ఎన్నికల డ్యూటీ అన్న, మే 2, రాత్రి 9:58
హాల్లో పొగ అలారం ఉంది. మోగిందంటే ఫైరింజనొస్తుంది, బిల్లు మనకే.

ఫుట్‌స్క్రే తమ్ముడు, మే 2, రాత్రి 10:01
నా కారు డిక్కీలో పెట్టించండి. అడ్వాన్స్ ఎంత ఇచ్చాం బాబాయ్?

కోశాధికారి బాబాయ్, మే 2, రాత్రి 10:04
అక్షరాలా అరవై.